మొక్కజొన్న చేల మీదికి దండయాత్ర

న్యూజెర్సీలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకు నయాగరా చూపించడం ఆనవాయితీ. పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరితే కారులో ఆరేడు గంటల ప్రయాణం. పెన్సిల్వేనియా కొండలు దాటి, సస్క్వెహానా నదిని దాటి, న్యూయార్క్ రాష్ట్రంలో ఎల్మైరా, కార్నింగ్ ఊళ్ల మీదుగా, జెనసీ లోయ మీదుగా వెళ్తారు. దారిలో చేలు, ద్రాక్షతోటలు, చేతివేళ్లలా సన్నగా సాగిన సరస్సులు. అక్కడక్కడ రోడ్డు పక్కన ఒక రాతి ఫలకం ఉంటుంది. 1779లో జనరల్ జాన్ సలివన్ సైన్యం ఇటుగా నడిచిందని దాని మీద రాసి ఉంటుంది. ఆ దండయాత్రకు 150 ఏళ్లు నిండిన సందర్భంగా 1929లో పెట్టిన ఫలకాలవి. కారు ఆపి చదివేవాళ్లు తక్కువ.

ఆ సైన్యం ఎవరి మీదికి వెళ్లింది? అప్పటికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలై నాలుగేళ్లు. శత్రువు బ్రిటిష్ రాజు మూడో జార్జి. రాజుగారి ఎర్రకోటు సిపాయిలు ఎక్కువమంది న్యూయార్క్ నగరంలో, దక్షిణాది రేవుల్లో ఉన్నారు. సలివన్ వెంట నడిచిన నాలుగువేల పైచిలుకు సైనికులు మాత్రం వాళ్లకు వీపు తిప్పి పడమటి అడవుల్లోకి వెళ్లారు. వాళ్లకు అప్పగించిన పని ఊళ్లు తగలబెట్టడం, పంట నాశనం చేయడం.

మనం బళ్లో చదువుకున్న అమెరికా విప్లవంలో బోస్టన్ తేయాకు ఘటన ఉంది, 1776 ప్రకటన ఉంది, వాషింగ్టన్ ఉన్నాడు, యార్క్‌టౌన్‌లో కారన్‌వాలిస్ లొంగుబాటు ఉంది. ఆ నేల మీద వేల ఏళ్లుగా ఉంటున్న జనం మాత్రం ఒకే ఒక్క చోట కనిపిస్తారు, అదీ వేషంగా. 1773 డిసెంబరులో తేయాకు పెట్టెలను సముద్రంలో పారబోసినవాళ్లు మోహాక్ తెగ వేషం వేసుకున్నారు. అసలు మోహాక్‌లు అప్పటికి అదే పేరుగల నది ఒడ్డున సేద్యం చేసుకుంటూ బతుకుతున్నారు. పదేళ్లు తిరిగేసరికి ఆ నది ఒడ్డున వాళ్లకు సొంత ఊరంటూ మిగల్లేదు.

యుద్ధానికి కారణాలు చెప్పేటప్పుడు పన్నుల గురించే ఎక్కువగా వింటాం. భూమి గురించి తక్కువ వింటాం. 1763లో బ్రిటిష్ రాజు ఒక ప్రకటన చేశాడు. అపలాచియన్ కొండలకు పడమట ఉన్న నేల మూలవాసులది, వలసదారులు అక్కడ స్థిరపడకూడదన్నాడు. మూలవాసుల మీద ప్రేమ కొద్దీ చేసిన పని కాదది. అప్పుడే ముగిసిన యుద్ధంతో ఖజానా ఖాళీ అయింది, సరిహద్దులో మళ్లీ చిచ్చు రేగితే ఆర్పే స్తోమత లేదు. కానీ పడమటి భూముల మీద పెట్టుబడులు పెట్టుకున్న వర్జీనియా పెద్దలకు ఆ గీత గొంతులో ముల్లయింది. వాళ్లలో జార్జి వాషింగ్టన్ ఒకడు. ఈ గీత మూలవాసులను తాత్కాలికంగా బుజ్జగించడానికేనని, ఈలోగా మంచి భూములు చూసి గుర్తుపెట్టి ఉంచమని 1767లో విలియం క్రాఫర్డ్ అనే సర్వేయరుకు ఆయన ఉత్తరం రాశాడు. ఈ క్రాఫర్డ్ పేరు మళ్లీ వస్తుంది.

1776 జూలై నాటి స్వాతంత్ర్య ప్రకటనలో రాజు మీద నేరారోపణల జాబితా ఉంది. అందులో చిట్టచివరిది, సరిహద్దుల్లోని దయాదాక్షిణ్యాలు లేని అనాగరికులను మా మీదికి ఉసిగొల్పాడన్నది. మనుషులంతా సమానంగా పుట్టారన్న మాటా ఈ మాటా ఒకే కాగితం మీద ఉన్నాయి.

ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలో ఎక్కువ భాగం అప్పట్లో హోడెనొషోనీ సమాఖ్యది. తెల్లవాళ్లు వాళ్లను ఇరాక్వాయ్‌లన్నారు. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, వీళ్లతో తర్వాత కలిసిన టస్కరోరా: మొత్తం ఆరు జాతులు. తమ సమాఖ్యను వాళ్లు ఒక పొడవాటి ఇల్లుగా చెప్పుకునేవాళ్లు. తూర్పు వాకిలికి మోహాక్‌లు కాపలా, పడమటి వాకిలికి సెనెకాలు, నడుమ ఒనొండాగా ఊళ్లో ఉమ్మడి సభల నిప్పు. ఆరు జాతులూ ఏకాభిప్రాయానికి వస్తేనే నిర్ణయం. వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. ఏ గణానికి ఎవరు పెద్దగా ఉండాలో, తప్పు చేస్తే ఎవరిని దించాలో గణమాతలు నిర్ణయిస్తారు. ఇల్లూ పొలమూ ఆడవాళ్లవే. మొక్కజొన్న నాటి, అది కాస్త ఎదిగాక దాని మొదట్లో చిక్కుడు, మధ్యలో గుమ్మడి పెట్టేవాళ్లు. చిక్కుడు తీగ మొక్కజొన్న కాండం పట్టుకుని పైకి పాకుతుంది, నేలకు సత్తువ ఇస్తుంది. గుమ్మడి ఆకులు నేలను కప్పి కలుపును అణుస్తాయి, తేమను కాపాడతాయి. ఆ మూడింటినీ ముగ్గురు అక్కచెల్లెళ్లని పిలుచుకున్నారు. కోత అయ్యాక కంకుల పొట్టును జడలా అల్లి ఇంటి దూలాలకు వేలాడదీసేవాళ్లు, మిగిలిన గింజలను పాతర వేసుకునేవాళ్లు.

యుద్ధం మొదలైనప్పుడు వాళ్లు ముందు అనుకున్నది ఇందులో వేలు పెట్టకూడదనే. ఒకే రక్తం పంచుకు పుట్టిన అన్నదమ్ములు మీరు, మీలో ఏ ఒక్కరి పక్షానా చేరడం మాకిష్టం లేదని 1775లోనే ఒనైడా పెద్దలు కనెటికట్ గవర్నరుకు చెప్పారు. అదే ఏడాది ఆగస్టులో ఆల్బనీలో జరిగిన సభలో వలసల ప్రతినిధులు కూడా అదే కోరారు: ఇది మాకూ పాత ఇంగ్లండుకూ మధ్య ఇంటి గొడవ, మీరు ఇళ్ల దగ్గర ఉండండి, గొడ్డలిని లోతుగా పాతిపెట్టండి. ఆ మాట ఏడాది కూడా నిలవలేదు. 1776లో వలసల ఉమ్మడి సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెసు మూలవాసులను సైన్యంలోకి తీసుకోవడానికి అనుమతిచ్చింది. బ్రిటిష్ అధికారులు నయాగరా కోట నుంచి తుపాకి మందు, గుడ్డలు, రమ్ము పంచుతూ కబుర్లు పంపారు. తుపాకికి మందు, సీసం, వంటకు ఇత్తడి గిన్నె, చలికి ఉన్ని గుడ్డ, ఇవన్నీ బయటి వర్తకంతో వచ్చేవే. అలాంటప్పుడు ఎవరి పక్షమూ వద్దనుకున్నా ఆ సరుకు కోసమైనా ఎవరో ఒకరి వాకిట్లోకి వెళ్లక తప్పని పరిస్థితి.

ఇది చాలదన్నట్టు 1777 జనవరిలో ఒనొండాగాలో అంటువ్యాధి తగిలి 90 మంది పోయారు. వాళ్లలో ముగ్గురు పెద్దలు. సభ నిర్వహించాల్సినవాళ్లే లేకపోవడంతో ఉమ్మడి నిప్పును ఆర్పేశామని కబురు పంపారు. ఇక ఏ జాతి దారి ఆ జాతిదే.

మోహాక్‌లలో జోసెఫ్ బ్రాంట్ అనే యువ నాయకుడు ఉండేవాడు. సొంత పేరు థాయెండనేగియా. ఇంగ్లీషు చదువు చదివాడు, బైబిలు భాగాలు తన భాషలోకి మార్చాడు. 1775 చివర్లో ఓడెక్కి లండన్ వెళ్లి రాజునే కలిశాడు, మా భూముల సంగతి తేల్చమన్నాడు. అక్కడ జార్జి రోమ్నీ అనే చిత్రకారుడు వేసిన అతని బొమ్మ ఇప్పటికీ ఉంది. తిరిగొచ్చి బ్రిటన్ వైపు నిలిచాడు. అతని లెక్క సూటిగానే ఉంది. రాజు దూరంగా ఉన్నాడు, వలసదారులు పొలం గట్టు దగ్గరే ఉన్నారు, భూమి లాక్కునేది వాళ్లే. అతని అక్క మాలీ బ్రాంట్ మాటకు మోహాక్ ఇళ్లలో తమ్ముడి మాట కంటే ఎక్కువ విలువని బ్రిటిష్ అధికారులే రాశారు.

ఒనైడాల లెక్క వేరు. వాళ్ల ఊళ్లు వలసదారుల ఊళ్లకు ఆనుకుని ఉన్నాయి. వాళ్ల మధ్య ఏళ్లుగా ఉంటున్న శామ్యూల్ కిర్క్‌లాండ్ అనే మతబోధకుడు కాంగ్రెసు పక్షపాతి. పొరుగువాడితో తగువు పెట్టుకుంటే బతకలేమనుకున్నారు. గెలిచే అవకాశం వీళ్లకే ఎక్కువని కూడా అనుకున్నారు. ఆ అంచనా తప్పలేదు.

1777 వేసవిలో బ్రిటిష్ వాళ్లు సెనెకాలను ఆస్వెగోకు పిలిచి, వలసల సైన్యం కోటను ఎలా పట్టుకుంటామో కూర్చుని చుట్ట కాలుస్తూ చూడండి చాలన్నారట. ఆ సభలో కార్న్‌ప్లాంటర్ అనే సెనెకా యోధుడు లేచి, వాళ్లు దేనికి కొట్టుకుంటున్నారో మనకు తెలియదు, యుద్ధమంటే చావు, తొందరపడొద్దన్నాడు. బ్రాంట్ అతన్ని పిరికివాడన్నాడు. మాట పడటం కంటే యుద్ధమే నయమనుకున్నారు కుర్రవాళ్లు.

ఆగస్టు 6న ఒరిస్కనీ అనే చోట, ఒక పల్లపు బాటలో నికొలస్ హెర్కిమర్ నడిపిస్తున్న వలసల దండు మీద మాటు వేశారు. ఆ దండు వస్తోందని ముందే వేగులను పంపి తెలియజేసింది మాలీ బ్రాంటే. హెర్కిమర్ వెంట సుమారు 60 మంది ఒనైడాలున్నారు. వాళ్లలో హాన్ యెర్రీ అనే నాయకుడికి మణికట్టుకు గుండు తగిలితే, పక్కనే ఉన్న భార్య అతని తుపాకిలో మందు కూరి అందిస్తూ వచ్చిందని అప్పటి పత్రికల్లోనే వచ్చింది. ఎదుటి పక్షంలో ఉన్నది సెనెకాలు, మోహాక్‌లు. పెళ్లిళ్ల వల్ల బంధువులు, గణాల లెక్కన అన్నదమ్ములు. ఆ రోజు సెనెకాలు 36 మందిని పోగొట్టుకున్నారు. తర్వాత మోహాక్‌లు వెళ్లి ఒనైడాల ఒరిస్కా ఊరిని తగలబెట్టారు. ఒనైడాలు వచ్చి మాలీ బ్రాంట్ ఇల్లు దోచుకున్నారు. తరతరాలుగా ఒకే కప్పు కింద ఉన్నవాళ్ల మధ్య నెత్తురు పారింది. ఇరాక్వాయ్‌లు ఆ యుద్ధంలో పోగొట్టుకున్నవాటిలో భూమి తర్వాత ఇదే పెద్దది.

మరుసటి ఏడాది పరిస్థితి మరింత ముదిరింది. 1778 జూలైలో వయోమింగ్ లోయలో బ్రిటిష్ రేంజర్లు, సెనెకాలు కలిసి రెండొందల మందికి పైగా వలస సైనికులను చంపారు. అక్టోబరులో వలసల సైన్యం సస్క్వెహానా ఒడ్డున ఉన్న ఒనక్వాగా అనే పెద్ద మూలవాసుల ఊరిని పంటతో సహా కాల్చింది. నవంబరులో చెర్రీ వ్యాలీలో ముప్పై మందికి పైగా మామూలు జనం, ఆడవాళ్లూ పిల్లలూ, హతమయ్యారు. అది దారుణమే. దాన్ని తక్కువ చేసి చెప్పడానికి లేదు. పత్రికలు ఆ వార్తలు మోశాయి. ఒనక్వాగా వార్త అంతగా ఎవరూ మోయలేదు.

1779 మే 31న వాషింగ్టన్ సలివన్‌కు రాతపూర్వకంగా ఆదేశాలిచ్చాడు. ఆ ఊళ్లను ఆక్రమించుకుంటే చాలదు, సర్వనాశనం చేయాలి. వయసు, ఆడా మగా తేడా లేకుండా వీలైనంత మందిని బందీలుగా పట్టుకోవాలి. పొలాల్లో ఉన్న పంట పాడుచేయాలి, మళ్లీ నాటుకోకుండా చూడాలి. ఊళ్ల విధ్వంసం పూర్తయ్యేదాకా సంధి మాట చెవిన వేసుకోవద్దు. ఈ ఉత్తరం దాపరికం ఏమీ లేకుండా వాషింగ్టన్ రచనల సంపుటాల్లో అచ్చయింది, ఎవరైనా చదువుకోవచ్చు. అంతకుముందే ఏప్రిల్‌లో మరో దళం ఒనొండాగాల మీద పడి సుమారు 50 ఇళ్లు కాల్చింది.

సలివన్ ఈస్టన్ నుంచి బయల్దేరాడు. ఒట్సెగో సరస్సు దగ్గర జనరల్ జేమ్స్ క్లింటన్ నీటికి కట్ట కట్టి, మట్టం పెరిగాక ఒక్కసారిగా వదిలి, ఆ వరద మీద వందల పడవలను సస్క్వెహానాలో దించాడు. ఎండాకాలంలో నది పొంగడం చూసి ఒడ్డు ఊళ్ల జనం బిత్తరపోయారు. ఇద్దరూ టయోగాలో కలిశారు. ఆగస్టు 29న ఇప్పటి ఎల్మైరా దగ్గర న్యూటౌన్‌లో బ్రాంట్, బ్రిటిష్ రేంజర్లు అడ్డుకోబోయారు. ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. ఆ తర్వాత చెప్పుకోదగ్గ యుద్ధమే లేదు. ముందు ఊరు ఖాళీ అవుతుంది, వెనక సైన్యం వచ్చి కాలుస్తుంది.

సైనికులు డైరీలు రాసుకున్నారు. చాలావరకు దొరికాయి. అడవి మనుషుల గుడిసెలు చూస్తామనుకుని వెళ్లినవాళ్లు చూసింది దూలాలూ పలకలతో కట్టిన ఇళ్లు, కొన్నింటికి గాజు కిటికీలు, ఆపిల్, పీచ్ తోటలు, చూపు ఆనినంత మేర మొక్కజొన్న. ఒక్కో కంకి రెండు జానల పైన ఉందని, ఇంత మంచి పంట తమ ఊళ్లలో ఎన్నడూ చూడలేదని రాసుకున్నారు. కయూగాల చొనొడోట్ అనే ఊళ్లో 1,500 పీచ్ చెట్లున్నాయి. వాటిని నరికారు. నరికే తీరిక లేనిచోట కాండం చుట్టూ బెరడు వలిచేశారు. అలా చేస్తే చెట్టు నిలబడే ఎండిపోతుంది. దండయాత్రలో ఆఖరు మజిలీ జెనసీ నది దగ్గరి సెనెకాల పెద్ద ఊరు, 128 ఇళ్లు. సెప్టెంబరు నడుమ. కంకులు ముదిరి కోతకొచ్చిన అదను. సైన్యం యావత్తూ పొద్దున్నే పొలాల్లో దిగింది. కంకులు విరిచి మోపులుగా ఇళ్లలోకి మోసి, ఇళ్లు నిండాక నిప్పంటించింది. ఆ పని మధ్యాహ్నం దాటాకగానీ పూర్తికాలేదు.

నలభై ఊళ్లు, 1,60,000 బుషెళ్ల మొక్కజొన్న నాశనం చేశామని సలివన్ కాంగ్రెసుకు లెక్క చెప్పాడు. ఒలిచిన గింజల లెక్కన చూస్తే సుమారు 40,000 క్వింటాళ్లు.

ఆ జెనసీ ఊరి మనిషి ఒకరు ఆ రోజుల గురించి తర్వాత చెప్పిన మాటలు మిగిలాయి. ఆమె పేరు మేరీ జెమిసన్. తెల్లపిల్ల. చిన్నతనంలో దాడిలో బందీగా చిక్కి సెనెకాల ఇంట పెంపుడు కూతురైంది. తిరిగి వెళ్లే అవకాశం వచ్చినా వెళ్లలేదు, వాళ్ల మనిషిగానే బతికింది. సైన్యం పోయాక ఊళ్లోకి వచ్చి చూస్తే పసిబిడ్డను ఒక్కరోజు బతికించేంత తిండి కూడా మిగల్లేదని ముసలితనంలో తన కథ రాసుకున్నాయనతో చెప్పింది. ఇద్దరు పిల్లలను వీపున కట్టుకుని, ముగ్గురిని వెంట నడవమని, అదే నది ఒడ్డున గార్డో అనే చోటికి చేరింది. అక్కడ యజమానుల దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన ఇద్దరు నల్లజాతి బానిసలు మొక్కజొన్న పండించుకుంటున్నారు. ఆ చేను సైన్యం కంట పడలేదు. వాళ్ల కంకులు ఒలిచిపెట్టడానికి కూలికి కుదిరింది. పది జడలు అల్లితే ఒక జడ కూలి. అలా వంద జడలు సంపాదించింది. ఆ గింజలతో అయిదుగురు పిల్లలూ ఆ చలికాలం గట్టెక్కారు. తెల్లవాళ్లకు పుట్టి సెనెకాగా మారిన తల్లి, పారిపోయి వచ్చిన ఇద్దరు బానిసలు, ఒక చేను. స్వేచ్ఛ కోసమని సాగిన యుద్ధం అంచున ఆ ముగ్గురూ ఒకరికొకరు తోడయ్యారు.

మిగతావాళ్లకు ఆ పాటి కూడా లేదు. అయిదువేల మందికి పైగా నయాగరా కోటకు నడిచారు. ఇప్పుడు జలపాతం చూడటానికి వెళ్లే చోటికి దిగువన, నది సరస్సులో కలిసే దగ్గర ఉందా కోట. అంత జనానికి సరిపడా తిండి బ్రిటిష్ దళం దగ్గర లేదు. కోట బయట మంచులో గోతులు తవ్వుకుని, తోళ్లు కప్పుకుని ఉన్నారు. ఆ 1779-80 చలికాలం మామూలుది కాదు. న్యూయార్క్ రేవు గడ్డకట్టి, దాని మీద బండ్లు నడిచాయి. అడవిలో అయిదడుగుల మంచు పడి లేళ్లు చచ్చాయని జెమిసన్ చెప్పింది. ఆకలితోనూ చలితోనూ రోగాలతోనూ ఎందరు పోయారో లెక్క పెట్టినవాళ్లు లేరు.

సైన్యపరంగా చూసినా ఆ దండయాత్ర అనుకున్న ఫలితం ఇవ్వలేదు. ఇళ్లూ పంటా పోయినవాళ్లకు ఇక ఇంటి దగ్గర ఉండాల్సిన పని లేదు. 1780లో బ్రాంట్, కార్న్‌ప్లాంటర్ మోహాక్ లోయ మీద అంతకు రెట్టింపు కసితో విరుచుకుపడ్డారు. వాషింగ్టన్ సైన్యానికి గోధుమలు వచ్చే ఊళ్లు బూడిదయ్యాయి. అదే ఊపులో ఒనైడాల ఊళ్లనూ కాల్చారు. ఒనైడాలు స్కెనెక్టడీ దగ్గర పాకల్లో, చాలీచాలని బత్తెం మీద మిగతా యుద్ధకాలం గడిపారు. కార్న్‌ప్లాంటరే పదేళ్ల తర్వాత, 1790లో, దేశాధ్యక్షుడిగా ఉన్న వాషింగ్టన్ ఎదుట నిలబడి ముఖం మీదే చెప్పాడు: మీ సైన్యం వచ్చినప్పుడు మీకు ఊళ్లు కాల్చేవాడని పేరు పెట్టాం, ఇవాళ్టికీ ఆ పేరు వింటే మా ఆడవాళ్ల ముఖాలు పాలిపోతాయి, పిల్లలు తల్లుల మెడలు కరుచుకుంటారు.

ఒహాయో లోయలో కథ మరో రకం. అక్కడ లెనాపెలు, అంటే డెలవేర్ జాతి. వాళ్ల నాయకుడు వైట్ ఐజ్ కాంగ్రెసును నమ్మాడు. 1778 సెప్టెంబరులో పిట్ కోటలో అమెరికాతో ఒప్పందం కుదిరింది. ఒక మూలవాసి జాతితో అమెరికా సంయుక్త రాష్ట్రాలు చేసుకున్న మొట్టమొదటి లిఖిత ఒప్పందం అదే. మిత్ర జాతులన్నిటితో కలిసి ఒక రాష్ట్రంగా ఏర్పడి, డెలవేర్ల నాయకత్వంలో కాంగ్రెసులో ప్రతినిధిని కూర్చోబెట్టుకోవచ్చన్న మాట కూడా అందులో ఉంది. అంటే పద్నాలుగో రాష్ట్రం! రెండు నెలలు తిరక్కముందే వైట్ ఐజ్ చనిపోయాడు. మశూచితో పోయాడన్నారు. వలస సైనికులే చంపి ఆ సంగతి దాచారని, కాంగ్రెసు తరఫున అక్కడ ప్రతినిధిగా పనిచేసిన జార్జి మోర్గన్ తర్వాత రాశాడు. అంతకు ఏడాది ముందు, శాంతి కోరి రాండాల్ఫ్ కోటకు వచ్చిన షానీ నాయకుడు కార్న్‌స్టాక్‌ను, కొడుకుతో సహా, కోటలోనే కాల్చి చంపారు.

ఇక అదే ఒహాయో ప్రాంతంలోని గ్నాడెన్‌హ్యూటెన్ ఊరు. అక్కడివాళ్లు క్రైస్తవం పుచ్చుకుని, ఆయుధం పట్టబోమని ఒట్టు పెట్టుకున్న డెలవేర్లు, మోహికన్లు. బ్రిటన్ పక్షం వాళ్లు 1781లో వాళ్లను ఊరు ఖాళీ చేయించి సాండస్కీకి తరలించారు. అక్కడ తిండి లేక, కోయకుండా వదిలేసిన మొక్కజొన్న కోసం కొందరు తిరిగి వచ్చారు. 1782 మార్చిలో పెన్సిల్వేనియా దళం ఒకటి వచ్చి, స్నేహంగా మాట్లాడి, వాళ్ల దగ్గరున్న కొద్దిపాటి తుపాకులు తీసుకుని, రెండు ఇళ్లలో బంధించింది. ఏం చేయాలో సైనికులు ఓటు వేసుకున్నారు. వద్దన్నవాళ్లు పద్దెనిమిది మంది లోపే. రాత్రంతా బందీలు కీర్తనలు పాడుకున్నారు. మార్చి 8 పొద్దున 96 మందిని సమ్మెటతో తలలు మోది చంపారు. వాళ్లలో 39 మంది పిల్లలు. ఇద్దరు కుర్రవాళ్లు తప్పించుకుని ఈ సంగతి చెప్పారు. చంపినవాళ్లలో ఒక్కరికీ శిక్ష పడలేదు. మూడు నెలల తర్వాత మరో దండును తీసుకుని వెళ్లిన అధికారి డెలవేర్ల చేతికి చిక్కాడు. గ్నాడెన్‌హ్యూటెన్‌కు బదులుగా అతన్ని కొయ్యకు కట్టి కాల్చేశారు. అతనే విలియం క్రాఫర్డ్, వాషింగ్టన్‌కు భూములు వెతికిపెట్టిన సర్వేయరు.

దక్షిణాన చెరోకీల సంగతి ఇంకా ముందే తేలిపోయింది. 1775లో కొందరు పెద్దలు కెంటకీ ప్రాంతాన్ని ఒక భూముల కంపెనీకి అమ్మేస్తే, డ్రాగింగ్ కెనూ అనే యువకుడు ఎదురుతిరిగాడు. ఆ పెద్దల్లో అతని తండ్రి కూడా ఉన్నాడు. మరుసటి వేసవిలో యుద్ధం, దానికి జవాబుగా వలసల సైన్యాలు వచ్చి యాభైకి పైగా ఊళ్లు కాల్చడం, 1777 ఒప్పందాల్లో యాభై లక్షల ఎకరాలకు పైగా పోవడం. డ్రాగింగ్ కెనూ తన వాళ్లతో చికమాగా వాగు దగ్గరికి తరలిపోయి, 1792లో చనిపోయేదాకా పోరాడుతూనే ఉన్నాడు.

1783 పారిస్ ఒప్పందంతో బ్రిటన్ మిసిసిపీ నది దాకా ఉన్న నేలను అమెరికాకు వదిలేసింది. ఆ నేల మీద ఉంటున్న జాతుల ఊసు ఆ ఒప్పందంలో ఒక్క ముక్క లేదు. నయాగరా కోటలోని బ్రిటిష్ అధికారి అలన్ మెక్లీన్ ఈ వార్త మిత్రులకు చెప్పలేక నలిగిపోయాడు. మేం స్వతంత్రులం, రాజుగారు తనది కానిదాన్ని ఎలా ఇచ్చేస్తారని వాళ్లు అడిగారని పైవాళ్లకు రాశాడు. బ్రిటన్ మమ్మల్ని కాంగ్రెసుకు అమ్మేసిందన్నాడు బ్రాంట్. పరిహారంగా కెనడాలో గ్రాండ్ నది పొడవునా, ఇరు ఒడ్డుల నుంచి ఆరేసి మైళ్ల నేల ఇచ్చారు. ఆ భూమిలో ఈనాటికి అయిదు శాతం కూడా వాళ్ల చేతిలో లేదు.

1784 అక్టోబరులో స్టాన్‌విక్స్ కోటలో అమెరికా ప్రతినిధులు హోడెనొషోనీలను కూర్చోబెట్టి, మీరు ఓడిపోయిన జనం, రాజు మీ గురించి ఏమీ అడగలేదు అని తేల్చేశారు. కొందరిని జామీనుగా ఉంచుకుని పడమటి భూములు రాయించుకున్నారు. సలివన్ సైనికులు డైరీల్లో మెచ్చుకున్న ఆ నల్ల నేలను న్యూయార్క్ రాష్ట్రం మాజీ సైనికులకు సేవకు ప్రతిఫలంగా పంచింది. కయూగా, ఒనొండాగా ఊళ్లు ఉన్న చోట హోమర్, ఓవిడ్, వర్జిల్, రోమ్యులస్ అనే పేర్లతో కొత్త ఊళ్లు లేచాయి.

ఓడిన పక్షాన ఉన్నందుకు వాళ్ల గతి అలా అయింది అనుకుంటే, గెలిచిన పక్షంవాళ్ల సంగతి చూడాలి. మసాచుసెట్స్‌లోని స్టాక్‌బ్రిడ్జ్ మోహికన్లు 1775లోనే వలసల సైన్యంలో చేరారు. 1778 ఆగస్టు 31న ఇప్పటి బ్రాంక్స్‌లో, వాన్ కోర్ట్‌లాండ్ పార్కు ఉన్న చోట, డేనియల్ నిమ్‌హామ్ అనే పెద్ద, అతని కొడుకు అబ్రహం, ఇంకెందరో ఒకే రోజు నేలకొరిగారు. మిగిలినవాళ్లు యుద్ధం అయ్యేసరికి సొంత ఊళ్లో భూమి నిలుపుకోలేక ఒనైడాల దగ్గరికి తరలిపోయారు, తర్వాత విస్కాన్సిన్‌కు.

ఒనైడాలు వ్యాలీ ఫోర్జ్ శిబిరానికి యాభై మంది దాకా యోధులను పంపారు. బారెన్ హిల్ దగ్గర లఫయెట్ దళం తప్పించుకు బయటపడినప్పుడు వాళ్లు పక్కనే ఉండి పోరాడారు. ఆ శిబిరంలో ఆకలితో ఉన్న సైనికులకు పాలీ కూపర్ అనే ఒనైడా ఆవిడ మొక్కజొన్న తెచ్చి, పచ్చిగా తింటే చస్తారు, ఇలా ఉడికించాలని నేర్పిందని, డబ్బు ఇవ్వబోతే వద్దందని, చివరికి ఒక శాలువా మాత్రం పుచ్చుకుందని ఒనైడాల ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాషింగ్టన్ డీసీలోని మూలవాసుల జాతీయ మ్యూజియంలో జార్జి వాషింగ్టన్ పక్కన ఆమె కంచు విగ్రహం ఉంది.

మీ భూమి మీదేనని 1784లోనూ 1794లోనూ కేంద్ర ప్రభుత్వం ఒనైడాలకు సంతకాలు పెట్టి మరీ మాటిచ్చింది. 1794 ఒప్పందం ప్రకారం ఏటా ఇవ్వాల్సిన గుడ్డ ఈనాటికీ అందుతోంది. భూమి విషయంలో మాత్రం న్యూయార్క్ రాష్ట్రం ఆ సంతకాలను పట్టించుకోలేదు. 1788లో ఒక్క ఒప్పందంతో అరవై లక్షల ఎకరాల్లో చాలా భాగం తీసుకుంది. 1795లో మిగిలినదాంట్లో మరో లక్ష ఎకరాలు కొన్నది. కేంద్రం అనుమతి లేకుండా అలా కొనకూడదని 1790 నుంచే చట్టం ఉంది. ఒనైడాలు విస్కాన్సిన్‌కు, కెనడాకు చెదిరిపోయారు. 1920 నాటికి న్యూయార్క్‌లో వాళ్లకు మిగిలింది 32 ఎకరాలు.

వాళ్లు కోర్టుకెక్కారు. 1985లో అమెరికా సుప్రీం కోర్టు 1795 నాటి అమ్మకం చట్టవిరుద్ధమని, రెండు శతాబ్దాలు కావస్తున్నా దావా చెల్లుతుందని ఒక్క ఓటు తేడాతో తీర్పు చెప్పింది. ఆ ధైర్యంతో ఒనైడాలు తమ పాత భూమినే మార్కెట్ ధరకు కొనుక్కోవడం మొదలుపెట్టారు. అది తిరిగి తమ జాతి పరిపాలన కిందికి వచ్చిన నేల కాబట్టి షెరిల్ పట్టణానికి ఆస్తి పన్ను కట్టబోమన్నారు. 2005లో అదే సుప్రీం కోర్టు, ఇన్నేళ్ల తర్వాత ఆ హక్కు చెల్లదని తోసిపుచ్చింది. 2013లో న్యూయార్క్ రాష్ట్రంతో రాజీ కుదిరింది. దాని ప్రకారం ఒనైడా జాతి పేరున కేంద్రం ట్రస్టుగా ఉంచగల భూమికి గరిష్ఠ పరిమితి సుమారు 25,000 ఎకరాలు.